వాళ్ళ భాషలో మేస్త్రీ

బొంబాయి,
9-6-1963

అక్కా,

నువ్వు పంపిన గోంగూర పచ్చడి జాడీ పగలకుండా చేరింది. ఈ ఊళ్ళో నోటికి రుచిగా ఉన్నది అదొక్కటే, తక్కినదంతా రోతే.

నిన్న శనివారం నన్ను ఎద్దును చేశారు. నవ్వకు, నిజంగానే చేశారు. మా భాషల సంస్థలో సాయంత్రాలు గుమాస్తాలకు పోర్చుగీసు, స్పానిష్ చెప్పే టెంపరరీ పంతుళ్ళం ఐదుగురం ఉన్నాం గదా. మాకు మూడు నెలల ట్రైనింగు పెట్టారు. అయ్యాక ఇద్దరిని పర్మనెంటు చేస్తారంట, ముగ్గురిని ఇంటికి పంపుతారంట. పాఠం ఎట్టా చెప్పాలో నేర్పుతారనుకుని కొత్త నోటుబుక్కు పట్టుకుపోయాను. ఇంతవరకు అందులో ఒక్క ముక్క రాయలేదు. శనివారం వస్తే చాలు, సాంస్కృతిక సాయంత్రం! ఆ దేశాల పద్ధతులు పంతుళ్ళ ఒంటికి పట్టాలని మా డైరెక్టరు నొరోన్హా మేడమ్ గారి పట్టుదల. ఆడవాళ్ళు కుచ్చుల శాలువాలు కప్పుకుని, మగవాళ్ళు నడుముకు ఎర్రగుడ్డ చుట్టుకుని, భజన చిడతల్లాంటి చెక్కలు టకటకలాడిస్తూ గంతులెయ్యాలి. ఇదంతా పంతుళ్ళ అభివృద్ధి అంట.

నిన్నటి ఆట ఎద్దును మనిషి పొడిచి చంపే ఆట. చంపాక జనం చప్పట్లు కొడతారు. కోటప్పకొండ తిరునాళ్ళకు కొమ్ములకు కుచ్చులు కట్టి ఎడ్లను తోలుకొచ్చే మనోళ్ళు చూస్తే ముందు వాళ్ళనే పొడిచేవాళ్ళు. ఎద్దు ఎవరని అడిగేసరికి అందరూ నా వంకే చూశారు. నేను నల్లగా ఉన్నాను గదా. అట్టకొమ్ములు కట్టి, మోకాళ్ళ మీద నడిపించి, రంకె వేయించారు. చానా సహజంగా ఉందని మేడమ్ మెచ్చుకుంది. తక్కిన నలుగురూ గోవాలో పెద్ద ఇళ్ళల్లో పుట్టినోళ్ళు. మన ఫాదరుగారి దయవల్ల పదేళ్ళప్పుడు గోవా సెమినరీకి పోయి ఆ భాష నేర్చుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. వ్యాకరణం నాకొచ్చినంత వాళ్ళెవరికీ రాదు. అయినా ఎద్దును నేనే.

ఈ పని ఖాయం కాకపోతే నా గతేందో నాకే తెలీదక్కా. సెమినరీ మధ్యలో వదిలేసి వచ్చినోడికి పోర్చుగీసు తప్ప ఇంకేం చేతవును? మన నరసరావుపేటలో ఆ భాష ఎవరిక్కావాలి? ఫారాలు నింపమన్నారు. తండ్రి వృత్తి అడిగారు, రాశాను.

నాయన సాగరం డ్యాము పని నుంచి ఇంటికొచ్చాడా?

ఆరోగ్యం


నరసరావుపేట,
20-6-1963

ఒరేయ్ ఆరోగ్యం,

నవ్వొద్దన్నావు. నవ్వెక్కడిదిరా? వాళ్ళు కొమ్ములు కడితే కట్టారు, రంకె ఎందుకు వేశావు? నీకు నోరు లేదా?

ట్రైనింగుల సంగతి నాకు చెప్పొద్దు. మూడో తరగతికి లెక్కలు ఎట్టా చెప్పాలో నేర్పుతారని గుంటూరు పోతే మా చేతికి తకిలీ ఇచ్చి దారం వడకమన్నారు. ఇనస్పెక్టరు వచ్చి, దారం పొడుగు చూసి, మార్కులు వేసి, వడలు తిని పోయాడు. లెక్కలు చెప్పడం నేను మా బళ్ళో వీరయ్య కొడుకు దగ్గర నేర్చుకున్నా. వాడి బుర్రకు ఎక్కిందాకా చెప్పడమే నాకు ట్రైనింగు. నీకూ అంతే. ఆ గుమాస్తాలకు ఒళ్ళు దాచుకోకుండా చెప్పు, చాలు.

నాయన ఆదివారం వచ్చి పోయాడు. డ్యాము ఎత్తు పెరిగే కొద్దీ ఆయనకు తిండి ధ్యాస తగ్గుతోంది. ఆయన చేతికింద ఇప్పుడు నలభైమంది తాపీవాళ్ళు. మావాడు బొంబాయిలో పెద్దపెద్దోళ్ళకు చదువు చెప్తున్నాడని టీ కొట్టు ఖాతూన్ బీ నుంచి ఇంజనీర్ల దాకా అందరి చెవుల్లోనూ వేశాడంట. ఎద్దు సంగతి నేను చెప్పలేదు.

ఇంకో మాట. "తండ్రి వృత్తి అడిగారు, రాశాను" అన్నావు. ఏం రాశావో చెప్పలేదు. చిన్నప్పుడు బెల్లం దొంగతనం చేసినప్పుడు కూడా నువ్వు ఇట్టాగే పొట్టి మాటలు మాట్లాడేవాడివి. ఏం రాశావు?

దయామణి


బొంబాయి,
14-7-1963

అక్కా,

నీకన్నీ అనుమానాలే. నేను అబద్ధం రాయలేదు. "మేస్త్రీ" అని రాశాను. చాలా?

సరే, మొత్తం చెప్తా విను. మొన్న ఒక్కొక్కళ్ళం అందరి ముందర మాదిరి పాఠం చెప్పాలన్నారు. నేను బోర్డు మీద తెలుగు మాటలు రాశాను. బొత్తాం, తువాలు, అలమారా, ఇస్త్రీ, బొప్పాయి, అనాస. "ఇవి మా పల్నాట్లో అక్షరం రాని ఆడవాళ్ళు కూడా పలికే మాటలు, ఇవన్నీ ఓడలెక్కి వచ్చిన మీ పోర్చుగీసు మాటలు" అన్నాను. గదిలో గాలి మారిపోయిందక్కా. చిడతల వాళ్ళంతా కలాలు తీసి రాసుకోవడం మొదలుపెట్టారు. ఆ ఊపులో చివరి మాటగా "మేస్త్రీ" అని రాసి, మా నాయన మేస్త్రీయే అన్నాను.

వాళ్ళ భాషలో మెస్త్రె అంటే గురువు. పెద్ద పంతులు. నాకు తెలుసు. నోట్లోంచి వచ్చాకే గుర్తొచ్చిందని నీకు రాద్దామనుకున్నా గానీ, నువ్వు నమ్మవు.

మేడమ్ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఫారం తెప్పించి చూసింది. నాయన పేరు శౌరయ్య అంటే, గోవాలో పూజలందుకునే ఆ షవియేర్ పునీతుడి పేరే గదా. అందుకని ఫారంలో ముందే "మెస్త్రె షవియేర్" అని రాశాను. అందులో అబద్ధం ఏముంది? మాట వాళ్ళది, పేరూ వాళ్ళదే. మనోళ్ళు అరగదీసి వాడుకుంటున్నారు, నేను తిరిగి తోమి వాళ్ళకిచ్చాను.

ఆ రోజు నుంచి నేను గురువుగారి కొడుకుని. నిన్నటి శనివారం ఎద్దు వేషం స్పానిష్ పంతులు వేశాడు. వాడి రంకె అసలు బాగాలేదు.

ఆరోగ్యం


నరసరావుపేట,
25-7-1963

ఛీ.

ఈ ఒక్క మాట రాసి పోస్టులో వేద్దామనుకున్నా. నీకు సరిపోదని మళ్ళీ కాగితం తీశాను.

తోమి ఇచ్చావా? నాయన పేరు గిన్నె అనుకున్నావురా తోమడానికి? ఆయన శౌరయ్య. తాపీ మేస్త్రీ. పదహారో ఏట రాళ్ళు మోసి, ఇరవయ్యో ఏట తాపీ పట్టి, అమ్మ పోయాక కూడా తాపీ దింపకుండా మనిద్దరినీ చదివించాడు. ఆ మాట చెప్పడానికి నీకు నోరు రాలేదు గానీ రంకె వెయ్యడానికి మాత్రం వచ్చింది.

అక్కడ వాళ్ళు చేసేదంతా దొంగవేషాలని నాకు నాలుగు పేజీలు రాశావు. నడుముకు ఎర్రగుడ్డ చుట్టుకుని ఎగిరేవాళ్ళు ఇంటికెళ్ళి ఆ గుడ్డ విప్పేస్తారు. నువ్వు కట్టిన వేషం ఎప్పుడు విప్పుతావు? అదీ నీ ఒంటికి కాదు, ఊళ్ళో లేని నాయన ఒంటికి కట్టావు.

పోయి ఆ మేడమ్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పు. చెప్పిందాకా నాకు ఉత్తరం రాయొద్దు.

దయామణి


బొంబాయి,
20-8-1963

అక్కా,

చెప్పలేదు. రాయొద్దన్నావని తెలుసు, అయినా రాస్తున్నా. కొంప మునిగింది.

సెప్టెంబరు పద్నాలుగున ట్రైనింగు ముగింపు సభ. ఆ రోజు పంతుళ్ళను తయారుచేసిన ఒక ముసలి గురువును సన్మానించాలని మేడమ్‌కి బుద్ధి పుట్టింది. ఆమె ఎవర్ని ఎంచుకుందో నీకు చెప్పనక్కర్లేదు. నాకు తెలియకుండా, ఫారంలో ఉన్న సాగరం అడ్రసుకు ఆహ్వానం పంపేసింది. రైలు టిక్కెట్టు కూడా పెట్టిందంట. నాయన వేదికెక్కి, పిల్లలకు విద్య ఎట్టా నేర్పుతాడో పంతుళ్ళందరికీ చెప్పాలంట!

ఆ రోజే పర్మనెంటు పేర్లు చదువుతారు. నా పేరు ఉందని గుసగుస. నాయన వచ్చి నోరు తెరిస్తే ఉద్యోగం పోవడం కాదు, నన్ను చూసి ఈ ఊరు ఊరంతా నవ్వుతుంది. నీ కాళ్ళు పట్టుకుంటా. నాయనకు జ్వరమని ఒక టెలిగ్రాం ఇవ్వు. ఒక్కటంటే ఒక్కటి. ఇంకెప్పుడూ నిన్ను ఏదీ అడగను.

ఆరోగ్యం


నరసరావుపేట,
30-8-1963

ఆరోగ్యం,

టెలిగ్రాం ఇవ్వను. నీ అబద్ధానికి నా చేత జ్వరం తెప్పించకు.

అయినా ఇచ్చి లాభం లేదు. ఆ ఇంగ్లీషు కాగితాన్ని సాగరం ఆఫీసులో దావూద్ గుమాస్తా చదివాడంట. "మేస్త్రీ గారూ, బొంబాయిలో మీకు సన్మానం. మేస్త్రీ అని పెద్ద అక్షరాల్లో కొట్టారు" అన్నాడంట. నాయన ఆ కవరు జేబులో పెట్టుకుని, మాచర్లలో బస్సెక్కి, సున్నం గుడ్డలతోనే నా దగ్గరికొచ్చాడు.

"అమ్మాయ్, ఇన్ని వేలమందిమి రాళ్ళు పేరుస్తున్నాం. పెద్దోళ్ళొచ్చి ఇంజనీర్లకు దండలేసి పోతారు. మేస్త్రీని పిలిచి దండ వేస్తామన్న ఊరు ఒకటుంది చూశావా!" అన్నాడు.

చెబుదామని నోరు తెరిచాను. ఆయన మొహం చూసి మూసుకున్నా. నిన్ను ఛీ అన్నదాన్ని, ఇప్పుడు నన్ను నేను ఏమనుకోవాలి? కొత్త పంచె, ఖద్దరు చొక్కా కొనిచ్చాను. రైల్వేలో పనిచేసే పుల్లారావు గుంతకల్లులో బొంబాయి మెయిలు ఎక్కిస్తానన్నాడు. స్టేషనుకు వచ్చి నాయన్ని దింపుకో. నీ దరిద్రం నువ్వే మొయ్యి.

దయామణి


బొంబాయి,
16-9-1963

అక్కా,

అంతా బాగా జరిగింది. నిన్న రాత్రి మెయిలుకు నాయన్ని ఎక్కించాను.

నాయనకు తెలుగొక్కటే వచ్చు, అక్కడ తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆయన చెప్తుంటే నేను పోర్చుగీసులో చెప్పాను. మాట తడబడకుండా చెప్పాడక్కా. రాయిని ముందు కడగాలన్నాడు. మట్టి ఉంటే పట్టు దొరకదన్నాడు. పొడి రాయిని పెడితే సున్నంలో నీళ్ళు తాగేస్తుంది, అందుకని ముందు తడపాలన్నాడు. ప్రతి రాయికీ ఒక ముఖం ఉంటుంది, అది చూడకుండా సుత్తి ఎత్తేవాడు మేస్త్రీ కాదన్నాడు. రాయి కుదరకపోతే రాయిని తిట్టొద్దు, తిప్పి చూడమన్నాడు. హాలంతా లేచి నిలబడింది. ఒకావిడ ఏడ్చింది.

మేడమ్ ఒంగి నాయన చెయ్యి ముద్దుపెట్టుకుంది. వేళ్ళ పగుళ్ళల్లో సున్నం తెల్లగా ఉంది గదా, "ఎన్నేళ్ళ సుద్దముక్కో!" అంది. నాకు రోత పుట్టింది. ఆమెను చూసో, నన్ను చూసుకునో తెలీదు. శాలువా కప్పి, పోర్చుగీసులో ప్రశంసాపత్రం ఇచ్చారు. నాయన దాన్ని రైల్లో ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

నా ఉద్యోగం ఖాయమైంది. ఇక ఈ సంగతి వదిలెయ్.

ఆరోగ్యం


నరసరావుపేట,
12-10-1963

ఆరోగ్యం,

వదిలేద్దామనే అనుకున్నా. అలూను వదల్లేదు.

నాయన బొంబాయి నుంచి ఒక మాట నేర్చుకొచ్చాడు. నువ్వు చెప్తుంటే శ్రద్ధగా విన్నాడంట. ఆయన రాయి అన్నప్పుడల్లా నువ్వు "అలూనో" అన్నావంట. పద్దెనిమిది సార్లు. కొలతలు చూసే మనిషి గదా, లెక్కపెట్టుకున్నాడు. పోర్చుగీసులో రాయిని అలూను అంటారని సాగరంలో అందరికీ నేర్పాడు. నెల తిరక్కముందే కూలోళ్ళంతా "ఒరేయ్, ఆ పెద్ద అలూను ఇట్టా దొర్లించండి" అంటున్నారంట. అంకారావు అనేవాడైతే దాని మీద పాటే కట్టాడంట. ప్రశంసాపత్రానికి అద్దం కట్టించి గుడిసె గోడకు కొట్టుకున్నాడు.

పోయిన ఆదివారం సాగరం క్యాంపుకు పూజ చెప్పడానికి నిన్ను గోవా పంపిన మన ఫాదరుగారు పోయారు, ఆయనకూ ఆ భాష వచ్చు గదా. నాయన సంబరంగా ఆయన్ని కట్టడం దగ్గరికి తీసుకుపోయి, "ఈ అలూనుకు ముఖం చూడండి ఫాదర్, ఎంత బాగుందో" అన్నాడంట. నలభైమంది ముందర. ఫాదరుగారు నవ్వి, "అలూనో అంటే రాయి కాదు శౌరయ్యా, బడిపిల్లోడు" అన్నారంట.

నాయన ఆ సాయంత్రం బస్సెక్కి నా దగ్గరికొచ్చాడు. నీళ్ళిస్తే తాగలేదు. "అమ్మాయ్, వాళ్ళ భాషలో మేస్త్రీ అంటే ఏంది?" అని అడిగాడు.

చెప్పాను. అన్నీ చెప్పాను. ఎద్దు సంగతి కూడా.

తన చేతులు తిప్పి చూసుకున్నాడు. తర్వాత "అయితే ఆ చప్పట్లు ఎవరికమ్మా?" అన్నాడు. జవాబు నువ్వే రాయి.

దయామణి


బొంబాయి,
22-10-1963

అక్కా,

నీ ఉత్తరం చదివిన రోజు నుంచి నా మీద నాకే రోత పుడుతోంది. ఆ రోజు వేదిక మీద మొదటిసారి అలూనో అన్నప్పుడు భయంతో అన్నాను. తక్కిన పదిహేడు సార్లు తెలివిగా ఉందని అన్నాను. అదే నన్ను తినేస్తోంది.

నిన్న మేడమ్ గదికి పోయి, మా నాయన తాపీ మేస్త్రీ, బడి గడప తొక్కలేదు, ఆయన చెప్పిందంతా నిజం రాళ్ళ గురించే అని చెప్పేశాను. ఆమె చేతిసంచీలోంచి రుమాలు తీసి పెదాలు తుడుచుకుంది. ముద్దుపెట్టింది నెల కిందట అక్కా! నెల తర్వాత తుడుచుకుంది!

తుడుచుకున్నాక నెమ్మదిగా అంది. నాయన ఉపన్యాసాన్ని పంతుళ్ళ శిక్షణ పుస్తకంలో మెస్త్రె షవియేర్ పేరుతో అచ్చుకిచ్చారంట. ఇప్పుడు మారిస్తే సంస్థకు అప్రతిష్ట. నోరు మూసుకుంటే నా ఉద్యోగానికి ఢోకా లేదంది. ప్రూఫులు దిద్దే పని నాకే ఇచ్చింది. ఎదురుగా పెట్టుకుని కూర్చున్నా. పద్దెనిమిది అలూనోలు. ఏం చెయ్యను? నాయన్ని అడిగి చెప్పు. తిట్టమని చెప్పు.

ఆరోగ్యం


నరసరావుపేట,
2-11-1963

ఆరోగ్యం,

నీ ఉత్తరం నాయనకు మొత్తం చదివాను. రుమాలు సంగతి చదవకుండా మింగేద్దామనుకున్నా, మింగలేదు. ఈ ఇంట్లో దాచింది చాలు. ఇక కింద ఉన్నది నాయన మాట. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా.

"ఒరేయ్ అబ్బాయ్, నేను తిట్టను. ఆమె పెదాలు తుడుచుకుంటే నాకు కోపం రాలేదు, ఆమె ఎవరో నాకు తెలీదు. నువ్వు తెలుసు. నా మాట నీ నోట్లో పెడితే నువ్వు మధ్యలో తుడిచావు, అది తగిలింది.

ఆ అద్దం పటం దింపేశాను. మేకు పీకిన చోట సున్నం పెట్టి నున్నగా చేశాను. ఇప్పుడు చూస్తే అక్కడేమీ కనపడదు. సాగరంలో అలూను అన్న మాట మాత్రం పోవట్లేదు, పిల్లలు నవ్వుకుంటూ అంటూనే ఉన్నారు. అననీ.

ఉద్యోగం ఉంచుకుంటావో వదులుకుంటావో నీ ఇష్టం, అది నీ కూడు. ఆ అచ్చు కాగితంలో నా పేరుంటే మాత్రం నా మాటే ఉండాలి. శౌరయ్య అని రాయి. తాపీ మేస్త్రీ అని రాయి. రాయిని రాయి అనే రాయి."

ఇంతే చెప్పి పనికి పోయాడు.

దయామణి


గుంతకల్లు స్టేషను,
13-11-1963

నాయనకు,

అక్క చదివి వినిపిస్తుంది. ప్రూఫులో పద్దెనిమిది చోట్లా అలూనో కొట్టేసి రాయి అని వాళ్ళ భాషలో దిద్దాను. నీ పేరు శౌరయ్య, తాపీ మేస్త్రీ, సాగరం అని రాసి మేడమ్ బల్ల మీద పెట్టాను. ఆమె ఆ పేజీలన్నీ చింపేసి, పుస్తకంలోంచి నీ పేరూ రిజిస్టర్లోంచి నా పేరూ తీసేసింది. గడప దాటుతుంటే నా అట్టకొమ్ములు ఎక్కడ పెట్టానని అడిగింది, వచ్చే శనివారానికి కావాలంట.

మీటరుగేజి బండి నాలుగు గంటలు లేటు. ఈ కార్డు నాకంటే ముందు చేరితే బస్సుకు ఎదురు రావొద్దు, నేనే సాగరం వచ్చేస్తా. రాళ్ళు కడిగే పని ఉంటే నాకోసం ఉంచు.

ఆరోగ్యం